నడుముకందని సంచి

శ్రీకాళహస్తి తిన్నడికి సంచి లేదు.

వేటగాడు. స్వర్ణముఖి ఒడ్డున కొండల్లో తిరిగేవాడు. శివుడికి నైవేద్యం తీసుకెళ్లాలి. ఒక చేతిలో విల్లంబులు. రెండో చేతిలో ఆకుదొప్ప, అందులో మాంసం. మరి అభిషేకానికి నీళ్లు? నోట్లో పుక్కిట పట్టాడు. పూలు? జుట్టులో దోపుకున్నాడు. 1976లో కృష్ణంరాజు ‘భక్త కన్నప్ప’గా వచ్చినప్పుడైనా, 2025లో మంచు విష్ణు ‘కన్నప్ప’గా వచ్చినప్పుడైనా అందరం భక్తినే చూశాం. కాస్త పక్కకు జరిగి చూస్తే ఇంకో సంగతి కూడా ఉంది. అడవిలో నడిచేవాడికి రెండు చేతులు చాలవు!

ఆ మూడో చెయ్యే వీపు సంచి. అది అందరికీ ఒకేలా అమరదు. ఆరడుగుల మనిషికి హాయిగా ఉన్న సంచి అయిదడుగుల మనిషికి శిక్షలా మారుతుంది. అప్పుడు తప్పు సంచిదని ఎవరూ అనరు. ‘నీకు బలం చాలదు’ అంటారు. తిరుపతిలో ఒకమ్మాయికి అదే జరిగింది.

వేట పోయింది... నడక మిగిలింది

ముందుగా ఒక మాట. బజారులో, ఆన్‌లైన్‌లో ‘హంటింగ్ ప్యాక్’ పేరుతో పెద్ద పెద్ద సంచులు కనిపిస్తాయి. అవి వేట చట్టబద్ధంగా సాగే దేశాల కోసం తయారైనవి. అమెరికా పడమటి కొండల్లో లైసెన్సు తీసుకున్న వేటగాళ్లు రోజుల తరబడి అడవిలో ఉంటారు. ఎల్క్ అనే పెద్ద దుప్పి దొరికితే అది వందల కిలోలు తూగుతుంది. మాంసాన్ని భాగాలు చేసి, వీపున మోసుకుంటూ నాలుగైదుసార్లు తిరుగుతారు. అందుకే ఆ సంచులకు లోపల గట్టి చట్రం, నడుముకు దళసరి పట్టీ, చట్రానికీ సంచికీ మధ్య బరువు బిగించే చోటు ఉంటాయి.

మన దగ్గర కథ వేరు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం, దానికి 1991లో వచ్చిన సవరణ తర్వాత సరదా వేటకు చోటే లేదు. శేషాచలం అడవుల్లో 1989లో శ్రీవేంకటేశ్వర జాతీయ పార్కు ఏర్పడింది. 2010లో ఆ కొండల్ని జీవావరణ రక్షిత ప్రాంతంగా ప్రకటించారు. చామల లోయలో మనుషుల్ని చంపిన పులి గురించి కెన్నెత్ ఆండర్సన్ 1954 నాటి పుస్తకంలో రాసిన రోజులు ఎప్పుడో పోయాయి.

వేట పోయినా అడవిలో నడక పోలేదు. ఎర్రచందనం కాపలాకు తిరిగే సిబ్బంది ఉన్నారు. జంతువుల జాడ కోసం కెమెరాలు బిగించేవాళ్లున్నారు. పక్షుల్ని లెక్కపెట్టే విద్యార్థులున్నారు. అనుమతి ఉన్న దారుల్లో కొండలెక్కే యువత ఉంది. ముక్కోటి రోజుల్లో తీర్థాలకు వెళ్లే భక్తులున్నారు. వేటగాడికి పనికొచ్చే సంచి సూత్రాలే వీళ్లందరికీ పనికొస్తాయి.

ఒకప్పటి దొరల వేటకు ఈ చిక్కు లేదు. సామాన్లు మోయడానికి కూలీలుండేవారు, బండ్లుండేవి. ఎవరి బరువు వాళ్లే మోసుకోవాల్సి వచ్చినప్పుడే, ఆ వీపు ఎంత పొడవుందన్న ప్రశ్న పుడుతుంది.

అన్న సంచి

ఆ అమ్మాయిది బైరాగిపట్టెడ. వయసు 24. ఎత్తు అయిదడుగులు. బరువు 45 కిలోలు. డిగ్రీ అయ్యాక అటవీ బీట్ ఆఫీసర్ ఉద్యోగానికి చదువుతోంది. ఆ ఉద్యోగానికి మగవాళ్లు 163 సెంటీమీటర్లు, ఆడవాళ్లు 150 సెంటీమీటర్ల ఎత్తుంటే చాలు. నడక పరీక్షలో మగవాళ్లు నాలుగు గంటల్లో 25 కిలోమీటర్లు, ఆడవాళ్లు 16 కిలోమీటర్లు నడవాలి. పొద్దున్నే గ్రౌండుకెళ్లి నడిచీ నడిచీ 16 కిలోమీటర్లూ మూడున్నర గంటల్లో పూర్తిచేసే దాకా వచ్చింది.

‘ఉత్త చేతుల్తో నడవడం కాదు కదా, అడవిలో సామాను మోస్తూ నడవాల’ అనుకుంది. ఫాల్గుణ పౌర్ణమికి తుంబురు తీర్థ ముక్కోటి వచ్చింది. పాపవినాశనం నుంచి దాదాపు ఏడు కిలోమీటర్ల కొండదారి. ఇంటిల్లిపాదీ బయల్దేరారు. దేవస్థానం అన్నప్రసాదం, మంచినీళ్లు ఏర్పాటు చేస్తుంది. అయినా ఇంటి పులిహోర లేకుండా ఏ తిరుపతి కుటుంబం గడప దాటుతుంది? అందరి తిండి, నీళ్ల సీసాలు, తువ్వాళ్లు అన్న సంచిలోకి చేరాయి. బెంగళూరులో ఉద్యోగం చేసే అన్న కొనుక్కున్న 70 లీటర్ల సంచి అది.

“నేను మోస్తా అన్నా” అంది.

“నీ కంటే సంచే పెద్దగుండాది మే” అని నవ్వుతూనే తగిలించాడు.

రెండు కిలోమీటర్లు బాగానే నడిచింది. తర్వాత భుజాలు కోసుకుపోతున్నట్టనిపించింది. నడుం పట్టీ నడుం దగ్గర నిలవలేదు. జారి తొడల మీదికొచ్చి అడుగు అడుగుకీ తగులుకుంది. బిగిద్దామంటే పట్టీ రెండు కొసలూ ముందే కలిసిపోయాయి. లాగడానికి ఇంకేం మిగల్లేదు. బండలెక్కేటప్పుడు తలెత్తి చూద్దామంటే చట్రం పైకొస తల వెనక తగిలింది. నాలుగో కిలోమీటరుకు కుడిచేతి వేళ్లు తిమ్మిరెక్కాయి.

మేనమామ ఆగి చూశాడు. “ఇట్లియ్యి మే. ఆడపిల్లవి, నీ వల్ల యాడవుతుంది?” అని సంచి తీసుకున్నాడు. ఆయన మంచికే అన్నాడు. తీసుకుని చులాగ్గా నడిచాడు కూడా! అదే ఆమెను కుంగదీసింది. వెనకాల వస్తున్న అమ్మ మరో మాట కలిపింది. “దీనికెందుకన్నా అడవి ఉద్యోగం? చక్కగా టీచరు పరీక్ష రాసుకోవచ్చు గదా!”

ఆ రాత్రి భుజాల మీద రెండు ఎర్రటి చారలు. పుస్తకాలు తెరవలేదు. ఆ ఉద్యోగం తనకు కాదేమోనన్న అనుమానం మొదటిసారి వచ్చింది.

అవ్వకు తెలిసిన సంగతి

భుజాలకు కొబ్బరినూనె రాసింది అవ్వ. భాకరాపేట దగ్గర పల్లె. ఆమె కూడా అయిదడుగులు దాటదు. వయసులో ఉన్నప్పుడు కొండ కింది నుంచి కట్టెల మోపు నెత్తిన పెట్టుకుని వచ్చేది. బావి నుంచి కడవ తెచ్చేది.

“యాడ పెట్టుకున్న్యావు బరువు?” అని అడిగింది.

“బుజాల మీద అవ్వా.”

“అదే నీ తప్పు. కడవ బుజాన పెట్టుకుంటారా యాడన్నా? బుజాన పెడితే బుజమే మోయాల. నడుం ఎముక మీద పెడితే కాళ్లు మోస్తాయి.”

అవ్వ ఏ పుస్తకమూ చదవలేదు. కానీ వీపు సంచుల చరిత్రలో పెద్ద మలుపు సరిగ్గా అదే. 1950ల తొలినాళ్లలో కాలిఫోర్నియాలో డిక్ కెల్టీ అనే ఆయన మిత్రుడితో కలిసి కొండలెక్కేవాడు. సంచి చట్రం కింది కొసల్ని ప్యాంటు వెనక జేబుల్లో దోపి చూశారట. ఒక్కసారిగా భుజాలు తేలికయ్యాయి. బరువు తుంటి మీదికి దిగింది. ఆ తర్వాత ఆయన అల్యూమినియం చట్రానికి నడుం పట్టీ కట్టి సంచులు అమ్మాడు. 1960ల చివర్లో గ్రెగ్ లో అనే పర్వతారోహకుడు ఆ చట్రాన్ని సంచి లోపలికి చేర్చాడు. ఇవాళ్టి సంచులన్నీ ఆ దారిలో వచ్చినవే.

కడవను నడుం ఒంపులో నిలిపే ఆడవాళ్లకు అది ఎప్పట్నుంచో తెలుసు. తుంటి ఎముక పై అంచు... దేవుడిచ్చిన అలమర. దాని కింద శరీరంలోకెల్లా పెద్ద కండరాలు, పెద్ద ఎముకలు ఉన్నాయి. సరిగ్గా అమరిన సంచిలో బరువు ముప్పావు వంతు దాకా అక్కడే కూర్చోవాలి. భుజం పట్టీల పని సంచి వెనక్కి వాలకుండా పట్టుకోవడం మాత్రమే.

భుజాలే మోస్తే ఏమవుతుంది? మెడ నుంచి చేతుల్లోకి దిగే నరాలు పట్టీల కింద నలుగుతాయి. మొదట తిమ్మిరి, తర్వాత పట్టు తప్పడం. సైనికుల్లో, కొండలెక్కేవాళ్లలో కనిపించే ఈ ఇబ్బందికి వైద్యులు ‘రక్‌శాక్ పాల్సీ’ అని పేరు కూడా పెట్టారు. ఆమె వేళ్ల తిమ్మిరి బలహీనత కాదు, హెచ్చరిక.

కొలవాల్సింది వెన్ను

మరి నడుం పట్టీ నడుముకు ఎందుకు అందలేదు? సంచి అన్న వీపుకు కుట్టింది కాబట్టి.

చాలామంది సంచిని లీటర్లలో కొంటారు. ‘నాకు 50 లీటర్లది చాలు’ అంటారు. లీటర్లు సంచి పొట్ట కొలత. మనిషికీ దానికీ సంబంధం లేదు. కొందరు మనిషి ఎత్తు చూస్తారు. అదీ సరికాదు. ఒకే ఎత్తున్న ఇద్దరిలో ఒకరికి కాళ్లు పొడవుండొచ్చు, ఇంకొకరికి మొండెం పొడవుండొచ్చు. చూడాల్సింది వెన్ను పొడవు.

ఇంట్లో దర్జీ టేపుంటే చాలు. తల ముందుకు వంచితే మెడ కింద ఒక ఎముక ఉబ్బెత్తుగా చేతికి తగులుతుంది. కొలత అక్కడ మొదలు. తర్వాత రెండు చేతులూ తుంటి ఎముకల పై అంచున ఆనించి, బొటనవేళ్లు వెనక్కి చాపాలి. ఆ రెండు వేళ్లనూ కలిపితే వెన్ను మీద ఒక అడ్డగీత వస్తుంది. కొలత అక్కడ ముగింపు. టేపు వెన్ను ఒంపు వెంటే సాగాలి. ఎవరి కొలత వాళ్లు తీసుకోవడం కుదరదు, ఇంకొకరు పట్టుకోవాలి.

ఆమెకు అవ్వే టేపు పట్టింది. 15 అంగుళాలు. సెలవుకు వచ్చిన అన్నను నిలబెట్టి కొలిచారు. 19 అంగుళాలు. నాలుగు అంగుళాల తేడా! నడుం పట్టీ తొడల మీదికి జారింది అందుకే. అన్నకు ఆ నాలుగు అంగుళాలు లెక్కే కాదు. చెల్లెలికి ఉద్యోగం మీద ఆశ పోయేంత దూరం.

దుకాణంలో గంటన్నర

తిరుపతి బజారులో సూట్‌కేసులు, బడి సంచులు దొరికాయి గానీ కొండ సంచులు కొలతల్లో దొరకలేదు. సప్తగిరి ఎక్స్‌ప్రెస్ ఎక్కి అన్నాచెల్లెళ్లిద్దరూ చెన్నై వెళ్లారు.

దుకాణంలో కుర్రాడు ఆమెను పైనుంచి కిందికి చూసి గులాబీరంగు సంచి ఒకటి తెచ్చాడు. 30 లీటర్లు. లోపల చట్రం లేదు. నడుముకు బెత్తెడు నాడా, అంతే. ‘లేడీస్ మోడల్’ అన్నాడు. చిన్న మనిషికి చిన్న సంచి అన్నది అందరూ చేసే రెండో పొరపాటు. మనిషి చిన్నదైతే దాహం చిన్నదవుతుందా? వానచొక్కా, దుప్పటి, టార్చి, మందులు, తిండి... అవి ఎవరికైనా అవే. చిన్న సంచిలో పట్టక సగం బయట వేలాడదీస్తే అడుగు అడుగుకీ ఊగుతాయి. చట్రం లేకపోతే బరువు మళ్లీ భుజాల మీదికే వస్తుంది.

రెండోది చూపించాడు. వేటగాళ్ల తరహా సంచి. బలంగా ఉంది. ఖాళీగానే మూడు కిలోలు పైబడి ఉంది. మాంసం మోసేవాళ్లకు ఆ గట్టితనం కావాలి. ఆమెకు అక్కర్లేదు.

మూడోది నచ్చింది. 48 లీటర్లు. ఖాళీ బరువు 1.7 కిలోలు. వీపు పట్టీల్ని పైకీ కిందికీ జరిపి వెన్ను పొడవుకు సరిచేసుకోవచ్చు. 15 అంగుళాల దగ్గర పెట్టారు. భుజం పట్టీలు దగ్గర దగ్గరగా ఉన్నాయి. సన్నటి భుజాల మీంచి జారలేదు. ఛాతీ దగ్గర లోపలికి ఒంపు తిరిగాయి. నడుం పట్టీ బిగించాక కూడా ముందు వైపు రెండు మెత్తల మధ్య నాలుగు వేళ్ల ఖాళీ మిగిలింది. ఈ ఖాళీ చాలా ముఖ్యం. మెత్తలు రెండూ కలిసిపోయాయంటే ఆ పట్టీ ఆ నడుముకు పెద్దదని అర్థం. సగం రోజు నడిచాక ఇంకాస్త బిగించాల్సి వస్తుంది. అప్పుడు చోటుండదు.

ఖాళీ సంచి ఎవరికైనా బాగానే ఉంటుంది. అందుకని ఆమె దుకాణంలో ఉన్న నీళ్ల సీసాలన్నీ అడిగి లోపల పేర్చింది. ఎనిమిది కిలోలయింది. దాంతో దుకాణం మెట్లు ఎక్కి దిగింది. కుర్చీ ఎక్కింది. కూర్చుని లేచింది. తల పూర్తిగా పైకెత్తి చూసింది. ఏదీ తగల్లేదు. కుర్రాడు మొదట విసుక్కున్నాడు. అరగంటయ్యాక అతనే ఆసక్తిగా పట్టీలు సరిచేయడం మొదలుపెట్టాడు.

తగిలించుకోవడానికీ ఒక వరస ఉంది. ముందు పట్టీలన్నీ వదులు చేయాలి. సంచిని వీపు మీదికి తీసుకోవాలి. మొట్టమొదట నడుం పట్టీ... తుంటి ఎముక పై అంచు దాని మధ్యలోకి వచ్చేలా బిగించాలి. తర్వాత భుజం పట్టీలు, భుజానికి ఆనేంత వరకే. ఆ తర్వాత భుజాల పైనుంచి చట్రానికి వెళ్లే చిన్న పట్టీలు. అవి పక్కనుంచి చూస్తే సుమారు 45 డిగ్రీల వాలులో ఉండాలి. చివరగా ఛాతీ పట్టీ, ఊపిరికి అడ్డం రానంత వదులుగా. చాలామంది ఈ వరసను తిరగేస్తారు. ముందు భుజాలు బిగించి, చివర్లో నడుం పట్టీ నామమాత్రంగా పెట్టుకుంటారు. మంచి సంచి కొని కూడా భుజాలతోనే మోస్తారు.

‘లేడీస్ మోడల్’ అన్న అట్టముక్కను నమ్ముకోనక్కర్లేదు. సన్నగా, పొట్టిగా ఉండే మగపిల్లలకు కూడా ఆడవాళ్ల కొలత సంచులే బాగా కుదురుతాయి. మొండెం పొడవున్న ఆడవాళ్లకు మామూలు సంచే సరిపోతుంది. టేపు చెప్పిందే వినాలి.

కిలో కిలోకీ లెక్క

ఇంటికొచ్చాక అన్నాచెల్లెళ్లు తూకం పెట్టుకుని కూర్చున్నారు. అడవిలో ఒక రాత్రి ఉండాల్సి వస్తే ఏం కావాలి? నీళ్లు 3 లీటర్లు, అంటే 3 కిలోలు. పరుపు, దుప్పటి కలిపి కిలోన్నర. తిండి 1.2 కిలోలు. వానచొక్కా అరకిలో. టార్చి, మందులు 400 గ్రాములు. బట్టలు 700 గ్రాములు. మొత్తం 7.3 కిలోలు. కొత్త సంచి 1.7 కిలోలు కలిపితే సరిగ్గా 9 కిలోలు.

సంచితో రోజుల తరబడి నడిచేవాళ్లు తమ బరువులో అయిదో వంతు మించి మోయకపోవడం మంచిదన్నది కొండలెక్కేవాళ్ల లెక్క. 45 కిలోల మనిషికి అది 9 కిలోలే. అన్న పాత సంచి ఖాళీగానే 2.8 కిలోలు. దాంట్లో అవే సామాన్లు సర్దితే 10.1 కిలోలవుతుంది. 75 కిలోల అన్నకు అది ఒంటి బరువులో 13 శాతం పైచిలుకు. ఆమెకు 22 శాతం! అందరికీ ఒకే సామాను అంటే అందరికీ ఒకే బరువు కాదు.

అందుకే చిన్న మనిషి ముందు తగ్గించాల్సింది సంచి బరువు. ఆ తర్వాత సామాను. పెద్దవాళ్లు కిలో ఎక్కువైనా పట్టించుకోరు. చిన్నవాళ్లకు ప్రతి 100 గ్రాములూ లెక్కే. తగ్గించకూడనిది ఒక్కటే... నీళ్లు. రాయలసీమ ఎండల్లో నీళ్ల దగ్గర పొదుపు ప్రాణాల మీదికి తెస్తుంది. దారిలో నీళ్లు దొరుకుతాయని తెలిస్తే అక్కడ నింపుకునేలా సీసాలు పెట్టుకోవచ్చు. నలుగురితో వెళ్తే గుడారం, గిన్నెలు ఎవరి ఒంటికి తగ్గట్టు వాళ్లు పంచుకోవాలి, తలా సమానంగా కాదు. అమెరికాలో చిన్న ఒడ్డూపొడవూ ఉన్న వేటగాళ్లు చేసేదీ అదే. ఒకేసారి ఎక్కువ మోయరు, ఇంకోసారి తిరుగుతారు.

సర్దడంలోనూ అవ్వ మాట చెల్లింది. “మోపు కట్టేటప్పుడు లావు కట్టె నడిమికి, వొంటికి దగ్గరగా పెడతాం మే. కొసల్లో పెడితే మెడ ఇరగ్గొడ్తాది.” సంచిలోనూ అంతే. దుప్పటి అడుగున. నీళ్లు, తిండి లాంటి బరువైనవి మధ్యలో, వీపుకు ఆనుకుని. తేలికైనవి బయటి వైపు. బరువు వీపుకు దూరమైతే మనిషిని వెనక్కి లాగుతుంది. దాన్ని ఆపడానికి ముందుకు వంగాలి. గాలి ఆడటానికని వీపుకూ సంచికీ మధ్య ఖాళీ వదిలే నమూనాలున్నాయి. మన ఎండలకు అవి హాయిగానే ఉంటాయి. ఆ ఖాళీ ఎక్కువైతే మాత్రం బరువు దూరం జరిగి లాగుతుంది. చిన్న మనిషికి ఆ లాగుడు ఇంకా ఎక్కువ.

బరువు సంచిని నేల మీంచి ఒక్క ఊపున భుజానికెత్తడం కూడా నడుముకు ముప్పే. ముందు మోకాలి మీదికి, అక్కడ్నుంచి ఒక భుజానికి, తర్వాత రెండో భుజానికి. పక్కన బండ ఉంటే దాని మీద పెట్టి తగిలించుకోవడం ఇంకా మేలు.

ఇంట్లో ఉన్న చిన్న వీపులు

అడవి మొహం చూడని కుటుంబాలకు ఇదంతా ఎందుకు అనిపించొచ్చు. పొద్దున ఎనిమిదింటికి వీధిలోకి చూస్తే తెలుస్తుంది. ఎక్కువ బరువు మోసే చిన్న వీపులు మన ఇళ్లలోనే ఉన్నాయి.

కేంద్ర విద్యాశాఖ 2020లో తెచ్చిన బడి సంచుల విధానం ప్రకారం పిల్లల సంచి వాళ్ల బరువులో పదో వంతు మించకూడదు. 25 కిలోల పాపకు రెండున్నర కిలోలు. ఇంట్లో తూకం ఉంటే ఒకసారి పెట్టి చూడండి. ‘పెరుగుతారు కదా’ అని ఒక సైజు పెద్ద సంచి కొనడం అన్న సంచి కథే. అది పిరుదుల కిందికి వేలాడి భుజాల్ని వెనక్కి లాగుతుంది. సంచి పైఅంచు భుజాలు దాటకుండా, కింది అంచు నడుం కిందికి జారకుండా ఉండాలి. రెండు పట్టీలూ వేసుకోవాలి. పెద్ద పుస్తకం వీపు వైపు ఉండాలి.

తిరుమల కొండ నడిచి ఎక్కేవాళ్లకూ ఇది వర్తిస్తుంది. అలిపిరి దారిలో మెట్లు దాదాపు 3,550. కింద సామాను అప్పగిస్తే దేవస్థానమే పైకి చేరుస్తుంది. అయినా ఒంటి భుజానికి బరువైన సంచి వేలాడదీసుకుని ఎక్కేవాళ్లెందరో! పైకి వెళ్లేసరికి ఒకవైపు మెడ పట్టేస్తుంది. దానికి వయసు మీద పడిందని పేరు పెడతారు.

బరువు కాదు, దాని చోటు

తెలంగాణలోని పాకాల గ్రామానికి చెందిన మాలావత్ పూర్ణ 2014 మే 25న ఎవరెస్టు ఎక్కినప్పుడు ఆమెకు పద్నాలుగేళ్లు నిండలేదు. గిరిజన కూలీల బిడ్డ. గురుకుల పాఠశాల విద్యార్థిని. ఆమె వెంట ఖమ్మం జిల్లా కుర్రాడు ఆనంద్ కుమార్ ఉన్నాడు. కొండ మనిషి ఎత్తు అడగదని ఆ రోజు తెలుగునాట ఇంటింటికీ తెలిసింది. ఆ తెలిసిన సంగతి మన ఇంటి ఆడపిల్ల సంచి తగిలించుకున్నప్పుడు మాత్రం గుర్తురాదు.

చెప్పుల దుకాణంలో కాలికి బిగుతైతే ‘నీ కాలు పనికిరాదు’ అని ఎవరూ అనరు, ఇంకో సైజు తెమ్మంటారు. సైకిలు సీటు అందకపోతే దించుతారు. సంచి దగ్గరికొచ్చేసరికి మాత్రం మనిషిలో లోపం వెతుకుతారు. మనిషి కూడా నమ్మేస్తుంది. ఈ నమ్మడంలోనే నష్టం. ఎందరు ఆడపిల్లలు, సన్నటి కుర్రాళ్లు మొదటి రోజు నడకతోనే ‘ఇది మనవల్ల కాదు’ అని వెనక్కి తిరిగారో! వాళ్లలో కొందరికైనా అవసరమైంది కసరత్తు కాదు, నాలుగు అంగుళాలు తక్కువున్న సంచి.

కసరత్తు అక్కర్లేదని కాదు. కొత్త సంచి తెచ్చాక ఆమె మొదటివారం నాలుగు కిలోలతో వీధుల్లోనే తిరిగింది. తర్వాత ఆరు. నెల గడిచాక 9 కిలోలూ సర్దుకుని ఒక ఆదివారం శ్రీవారిమెట్టుకెళ్లింది. 2,388 మెట్లు. మధ్యలో మూడుసార్లు ఆగింది. కాళ్లు లాగాయి, ఆయాసం వచ్చింది, ఒళ్లంతా చెమట. వేళ్లు మాత్రం తిమ్మిరెక్కలేదు. పైకి చేరాక భుజాలు తడిమి చూసుకుంది. చారల్లేవు.

వెంట వచ్చిన మేనమామ అడిగాడు. “బాగా బలమొచ్చినట్టుండాదే నీకు?”

“బలం అంతే ఉండాది మామా. అప్పుడు బుజాలు మోసినాయి, ఇప్పుడు కాళ్లు మోస్తాండాయి.”

ఆయన ఆ సంచి ఒకసారి తగిలించుకుని చూస్తానన్నాడు. తగిలించుకున్నాడు. నడుం పట్టీ కడుపు మీదికొచ్చి కూర్చుంది. నాలుగడుగులు వేసి, “ఇదేం సంచి మే, నాకు పనికిరాదు” అని తీసిచ్చేశాడు.

సంచే పనికిరాదన్నాడు. తనకు బలం లేదని అనుకోలేదు.